కల్వంలో నలుపు

తండ్రి ఎలాంటివాడో, తల్లి ఎలాంటిదో తెలిస్తే బిడ్డ సంగతి తెలిసిపోయినట్టేనా? మీలో ఎంతమంది అలాగే తేల్చేస్తారు?

చిత్రకారిణి అచ్యుతమ్మ గారికి ఆ ఉదయం ఈ ప్రశ్న ఎదురవడం నాలుగోసారి. అడుగుతున్నవాడు పెద్ద శిష్యుడు నృసింహం. బొమ్మలు నేర్చుకుంటానని వచ్చిన గవరమ్మను అతను అమ్మానాన్నల గురించి ప్రశ్నలు వేసి గేటు దగ్గరే ఆపేశాడు. తండ్రి తాగి వీధిలో పడుంటాడట, తల్లి నోరు విప్పితే సంత ఖాళీ అవుతుందట. ఆ పిల్ల గేటు బయటే మూట దించుకుని, సాయంత్రం బస్సు కోసం కూర్చుంది.

"ఆ ఇద్దరూ కలిస్తే ఏం పుడుతుందమ్మా, మీరే చెప్పండి," అన్నాడు నృసింహం.

ఆవిడకు వాదించే ఓపిక అయిపోయింది. అతన్ని రంగుల గదిలోకి తీసుకెళ్ళి, కల్వంలో పాదరసం పోసి, గంధకం వేసి, నూరమన్నారు. మూడేళ్ళుగా రంగులు పూస్తున్నాడే కానీ ఆ గదిలో ఏనాడూ కాలు పెట్టినవాడు కాదు. వెండిలా మెరిసేది ఒకటి, పసుప్పచ్చది ఒకటి. బంగారు రంగు వస్తుందని మురిసిపోతూ నూరాడు. సాయంత్రానికి కల్వంలో మిగిలింది కాటుకలాంటి పొడి. పాడైపోయిందనుకుని, ఎవరూ చూడకుండా బూడిదకుండలో పారబోశాడు.

ఖాళీ కల్వం, నల్లబడ్డ బూడిదకుండ చూసి అచ్యుతమ్మ గారు తల పట్టుకున్నారు. "గేటు దగ్గర అన్ని ప్రశ్నలు అడిగినవాడివి, పారబోసే ముందు ఒక్కటి అడగలేకపోయావా నాయనా?"

అలమారలోంచి ఎర్రటి గడ్డ తీసి అతని అరచేతిలో పెట్టారు. అమ్మవారి బొమ్మలో చీరకు అతను రోజూ పూసే ఎర్రరంగు, ఇంగిలీకం. పారబోసిన ఆ నల్లపొడినే సీసాలో మూసి కాలిస్తే ఆ సీసా మెడ దగ్గర పేరుకునేది ఇదేనని చెప్పారు. ఇందులో చేతికి చిక్కకుండా జారే పాదరసాన్ని చూపించమన్నారు. నిప్పు తగిలితే భగ్గుమనే పసుపు గంధకాన్ని చూపించమన్నారు. అతను గడ్డను వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. గోటితో గీరాడు. గోరు ఎర్రబడింది, అంతే.

"మరి అవి రెండూ ఎక్కడికి పోయాయమ్మా?"

"ఎక్కడికీ పోలేదు. నీ చేతిలోనే ఉన్నాయి."

బయట బస్సు హారన్ వినిపించింది. మిగతా శిష్యులు కుంచెలు ఆపి ఇటే చూస్తున్నారు. ఆవిడ వాళ్ళ వైపు తిరిగారు.

"చూసింది చాలు. పరిగెత్తండి, ఆ పిల్ల బస్సెక్కకముందే పిలుచుకురండి. దారిలో ఏమైనా అడగాలనిపిస్తే, తనకేం బొమ్మ వెయ్యాలనుందో అడగండి."