ఖాళీ కాని కుర్చీలు

పురుషోత్తంగారు తన ఆఫీసు బిల్డింగు పార్కింగులో కరెంటు బళ్లకు మూడు ఛార్జింగ్ పాయింట్లు పెట్టించారు. ప్లానంతా ఆయనదే. పొద్దున్నే ఒకదానికి తన కారు తగిలిస్తే, బ్యాటరీ నిండినా సాయంత్రం దాకా తీసేవారు కాదు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ తీయడం మానేశారు.

అదే బిల్డింగులో క్యాంటీన్ నడిపే వరహాలమ్మకి తన కరెంటు ఆటోకి ఛార్జింగ్ దొరక్క, కూరగాయలు తెచ్చుకోలేక ప్రాణం విసిగిపోయింది. ఆయన దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది.

"వచ్చే ఏడాది ఇంకో నాలుగు పాయింట్లు పెట్టిస్తాలే" అన్నారాయన.

మర్నాడు ఆయన భోజనానికి వచ్చేసరికి క్యాంటీన్లో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. అందరూ తినేసి, చేతులు కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చున్నారు. సాంబారన్నం ప్లేటు పట్టుకుని ఆయన చాలాసేపు నిలబడ్డారు.

"తిన్నవాళ్లని లేవమని చెప్పవేం?" అని వరహాలమ్మ మీద విసుక్కున్నారు.

"నేనే కూర్చోమన్నాను బాబూ."

"అయితే ఇంకో పది కుర్చీలు వేయించు."

"వేయిస్తానండి. వాటిలోనూ తిన్నవాళ్లే కూర్చుంటే మీరు మళ్లీ నిలబడాల్సిందే కదా. కింద నా ఆటో అలాగే నిలబడి ఉంది."

పురుషోత్తంగారు ప్లేటు ఆమె చేతికిచ్చి, కారు తీయడానికి బయల్దేరారు. మెట్ల దగ్గర ఆగి, "నాకో కుర్చీ ఆపి ఉంచు" అన్నారు.