కప్పు కింద కూర్చోని ఆచార్యుడు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. రాజుగారి శిల్పాచార్యుడు విరూపాక్షుడు శిష్యులకు పని నేర్పించడానికి ఓ పల్లెకొచ్చాడు. అక్కడ ఆయన కట్టిస్తున్న పాకకు సూరమ్మ కూలికి చూరు నుంచి పైకి తాటాకు కప్పుతోంది.

"మొద్దుదానా! నేను గీసిన పటంలో ఉన్నట్టు పైనుంచి కిందికి కప్పు."

"కింది వరుస మీదికి పై వరుస ఎక్కకపోతే కారుతుంది అయ్యగారూ."

"నాకే చెబుతావా? కారితే నీ పని ఊడుతుంది!"

సూరమ్మ ఆయన చెప్పినట్టే కప్పి, నీళ్ల కడవతో నిచ్చెనెక్కింది. "తమరు కింద కూర్చోండి, పోసి చూద్దాం."

"నా పట్టుశాలువా తడిసిపోదూ!" అన్నాడు ఆచార్యుడు.

"తడుస్తుందని తమకే తెలిస్తే, ఊడాల్సింది నా పనా అయ్యగారూ?"

శిష్యులు పకపకా నవ్వి, ఆకులన్నీ పీకి, సూరమ్మ దగ్గర నేర్చుకుంటూ మళ్లీ చూరు నుంచి మొదలుపెట్టారు. ఆచార్యుడు పటం చుట్టుకుని బండెక్కాడు.

ఇది మీ పిల్లలకూ చెప్పండి, మరిచిపోకండి.