ఓబులమ్మ పొట్టు ముద్దలు

అనగా అనగా, కొండమీద ఆఖరి చెట్టు కూడా పొయ్యిలో పడిపోయిన కాలంలో ఒక మెట్ట ఊరు. ఆ ఊళ్ళో ఓబులమ్మ అనే ముసలావిడ. ఆమెకు పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నవల్లా రెండు చేతులు. పంట తీసేశాక రైతులు వదిలేసిన వేరుశెనగ పొట్టూ, తీగా, కంది మోళ్ళూ ఏరుకొచ్చేది. నలగ్గొట్టి, పేడనీళ్ళు కలిపి, ముద్దలు చేసి ఎండేసేది. నడుమ బొటనవేలితో ఒక చిల్లి పొడిచేది. ఆ చిల్లిలోంచి గాలి ఆడి, మంట పొగ లేకుండా మండేది. ఊళ్ళో పొయ్యిలన్నీ ఆమె ముద్దలతోనే వెలిగేవి.

ఏరినదాన్ని మూడు కుప్పలు పెట్టేది. "ఇది గొడ్డుకి, ఇది పొయ్యికి, ఇది సేనుకి" అనేది. చేని కుప్పను మళ్ళీ చేలోనే చల్లి వచ్చేది. కోడలు చెన్నక్కకు అది చూస్తే ఒళ్ళు మంట.

"సేనుకేమన్నా నోరుందా అత్తా?"

"ఆకలుంది మే," అనేది ఓబులమ్మ.

ఓబులమ్మ పోయింది. ఆ ఏడు చెన్నక్క ఇంటెదురుగా ఉన్న రైతు చేను ఊడ్చేసి, రెండే కుప్పలు పెట్టింది. ఇంటినిండా ముద్దలే. చూసుకుని తెగ మురిసిపోయింది.

అంతలో ముసురు పట్టింది. ఆ ముసురులోనే చెన్నక్క కూతురు ప్రసవించింది. పసిగుడ్డు చలికి నీలం తిరుగుతోంది. చెన్నక్క నీళ్ళు కాచడానికి పొయ్యి వెలిగించింది. మంట లేచింది, నీళ్ళు చల్లగానే ఉన్నాయి. ఇంకా ముద్దలేసింది. మంట లేచింది, నీళ్ళు చల్లగానే ఉన్నాయి. మూడోసారీ అంతే. చెన్నక్క మంటలో చెయ్యి పెట్టింది. కాలలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి.

"అమ్మా, వేడి యాడికి పాయ?" అంది బాలింత.

చెన్నక్క గడపలోంచి చూసింది. తను ఊడ్చేసిన చేను వానలో ఆవిరి కక్కుతోంది. మిగిలిన ముద్దలన్నీ గంపకెత్తుకుని పరుగెత్తింది. చేలో అడుగేస్తే అరికాళ్ళు చుర్రుమన్నాయి. ఎదురుగా తడి మట్టిలో అరచేతి అచ్చొకటి పడింది. దాని పక్కన ఇంకొకటి. ఎవరో కూర్చుని మట్టిని పిసుకుతున్నట్టే ఉంది. మనిషి మాత్రం లేదు. చెన్నక్క గంప దించింది.

"అత్తా, తప్పయింది. సేను కుప్ప తెచ్చినా. నా బిడ్డ బిడ్డను బతికించు."

ముద్దలు ఒక్కొక్కటీ చిదిమి చల్లింది. చల్లిన చోటల్లా నేల చల్లబడింది, అచ్చులు పూడుకుపోయాయి. ఇంటికొచ్చేసరికి కుండలో నీళ్ళు కళపెళా మరుగుతున్నాయి. కాపడం పెడితే పసిగుడ్డు ఏడ్చింది. ఆ ఏడుపు విని చెన్నక్కా ఏడ్చేసింది.

ఇప్పటికీ అక్కడి ఆడవాళ్ళు పొట్టు ముద్దలతో పొయ్యి వెలిగిస్తే, కుండ పెట్టే ముందు మంటకు అరచెయ్యి చూపిస్తారు. ఎందుకని అడిగితే నవ్వరు.

"ఓబులవ్వ ఈడుందో, సేనులో ఉందో సూసుకోవల్ల గదా," అంటారు.