వెంగమ్మ ఇంటి తోరణం

ఎవరేం అడిగినా విరూపాక్ష స్వామి వెంటనే జవాబిచ్చేవారు కాదు. అడిగినవాడి చేతికి ఏదో పని అప్పజెప్పి తన దారిన తాను పోయేవారు. జవాబు కోసం వచ్చి పార పట్టుకుని వెనుదిరిగినవాళ్లు నల్లమల అంచున ఉన్న ఆ ఆశ్రమంలో చాలామందే ఉన్నారు.

కంబగిరి కాషాయం కట్టకముందు పేరున్న తాపీ మేస్త్రీ. ఏ పనికైనా ఒక ముగింపు ఉండాలనే మనిషి. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు: "సామీ, ఈ సాధన ఎప్పటికి పూర్తయితాది?"

"వెంగమ్మ ఇల్లు కట్టిరా పో" అన్నారు స్వామి.

ఆ వేసవిలోనే కార్చిచ్చు వచ్చి, అడవి పక్కన ఒంటరిగా ఉండే ముసలి వెంగమ్మ బోదగడ్డి కొట్టాన్ని బూడిద చేసింది. ఊళ్లోకి వచ్చెయ్యమని బంధువులు ఎంత బతిమాలినా ఆమె కదల్లేదు. "నా మొగుడు రాళ్లేరి చదును చేసిన నేల ఇది. మంటకు బయపడి యాడికి పోదును? మళ్లా కాలని ఇల్లు కట్టుకుంటా" అంది. ఆ ముసలిదాని మొండితనం కంబగిరికి భలే నచ్చింది.

ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు. రాతి గోడలు లేపాడు. బోదకు బదులు పెంకులు పరిచాడు. గోడకూ కప్పుకూ మధ్య సందుల్లో నిప్పురవ్వ దూరకుండా సన్నటి ఇనుప జాలీ బిగించాడు. తలుపుకు రేకు తొడిగాడు, గోడవారనున్న కట్టెలమోపును దూరంగా వేయించాడు, ఇంటి చుట్టూ గడ్డి చెక్కించాడు. గృహప్రవేశం రోజున మామిడాకుల తోరణం కూడా తన చేత్తోనే గుమ్మానికి కట్టి, రెండడుగులు వెనక్కి వేసి మురిసిపోయాడు.

"అవ్వా, ఇంక నిప్పు కాదు, దాని జేజమ్మ వచ్చినా నీ ఇంటికి ఢోకా లేదు!"

ఆశ్రమానికి వెళ్లి పని పూర్తయిందని చెప్పాడు. స్వామి "అట్లనా" అని తన దారిన తాను పోయారు.

మరుసటి ఎండాకాలం అడవి మళ్లీ అంటుకుంది. కంబగిరి పరుగున వచ్చేసరికి వెంగమ్మ నీళ్ల కడవలు నింపుకుని, తడి గోనెసంచి భుజాన వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. మంట చెక్కిన నేల దాకా వచ్చి, తినడానికేమీ లేక ఆగింది. గాలికి ఎగిరొచ్చిన రవ్వలు పెంకుల మీద పడి ఆరిపోయాయి, జాలీకి తగిలి రాలిపోయాయి. కంబగిరి ఛాతీ ఉప్పొంగింది.

అప్పుడు ఒక్క రవ్వ వచ్చి తోరణం మీద వాలింది.

గృహప్రవేశం నాటి ఆకులు! ఎండి గలగలమంటున్నా, శుభానికి కట్టినదాన్ని ఎవరు తెంపుతారు? భగ్గున లేచిన మంట ద్వారబంధాన్ని నాకి చూరు వాసాలను అందుకోబోయింది. కంబగిరి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. వెంగమ్మ మాత్రం కర్రతో తోరణాన్ని లాగి కిందపడేసి, గోనెసంచి అతని మీదికి విసిరింది. "సూస్తావేంది? కొట్టు!"

ద్వారబంధం మీద మంట చచ్చేదాకా కొట్టాడు. చేతులు బొబ్బలెక్కాయి. అంతకంటే ఎక్కువగా సిగ్గు మండింది. ఇల్లు కట్టినదీ తనే, అందులో నిప్పుకు చోటు కట్టిపెట్టినదీ తనే.

మర్నాడు పొద్దున్నే స్వామి చూడ్డానికి వచ్చారు. వెంగమ్మ నిచ్చెనెక్కి పెంకుల మధ్య చిక్కిన ఎండుటాకులు ఊడుస్తోంది. నల్లబడ్డ ద్వారబంధానికి పచ్చటి కొత్త తోరణం వేలాడుతోంది. కంబగిరి కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాడు.

"మంట పోయిందిగా అవ్వా, ఇంకా ఏం ఊడుస్తావ్? దిగు" అన్నాడు.

"మంట పోయింది నాయనా. ఆకు రాలేది మానిందా?" అంది ఆమె, చెయ్యి ఆపకుండానే. "ఆ తోరణం గూడా వాడంగానే తీసేస్తా, మళ్లా పచ్చిది కడతా."

కంబగిరి స్వామి వైపు చూశాడు. సాధన ఎప్పటికి పూర్తయితాదని ఏడాదిగా మనసులో నానుతున్న ప్రశ్న మళ్లీ అడగబోయి ఆగిపోయాడు.

స్వామి కప్పు వైపే చూస్తూ అన్నారు: "ఇంకో చీపురుందేమో అడుగు, కంబగిరీ."