మడుగులో తూటికూర

అనగనగా కొండ కింద, వాగొడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో అంకమ్మ అని ఒకావిడ ఉండేది. నోరు పెద్దది. పెట్టే చెయ్యి అంతకన్నా పెద్దది.

కొండ దిగిన వాగు ఊరి దగ్గర మడుగు కట్టేది. ఆ మడుగు నిండా తూటికూరే. తీగలు నీళ్ళ మీద పాకి ఊదారంగు పూలు పూసేవి. అంకమ్మ పొద్దున్నే మోకాలి లోతు దిగి, లేత కొసలు గిల్లుకొచ్చి, పెసరపప్పులో వేసి వండేది. వెల్లుల్లి తాలింపు ఘుమఘుమ మూడు వీధులకి వెళ్ళేది. అబ్బ, ఆ రుచి! ఇప్పుడెక్కడే తల్లీ! నువ్వు మూతి ముడుచుకునే ఆకుకూర కాదది. అడిగి మరీ పెట్టించుకునేవాళ్ళు.

ఆ తర్వాత కొండ మీద గని పడింది. రాగీ సీసమూ తవ్వేవాళ్ళు. కావలసింది లారీలకెత్తి, మిగిలిన పొడిమట్టి వాగు పక్కనే దిబ్బ పోశారు. ఆ దిబ్బ పెరిగి పెరిగి కొండకి తమ్ముడంత అయింది.

అప్పుడు వానలు మొదలయ్యాయి. మొదటి వానకి మడుగులో రాళ్ళకి పచ్చగా చిలుము పట్టింది. రెండో వానకి చేపలు చచ్చి తేలాయి. మూడో వానకి గొడ్లు నీళ్ళ దాకా వచ్చి, వాసన చూసి, మూతి తిప్పుకున్నాయి. ఊరివాళ్ళు వెళ్ళి అడిగితే, గని పెద్దలు "చూద్దాం" అన్నారు. చూస్తూనే ఉన్నారు పాపం.

అంకమ్మ ఊరుకునే మనిషా? రోజూ మడుగు చుట్టూ తిరిగింది. తిరగ్గా తిరగ్గా ఒకటి కనిపెట్టింది. తూటి దట్టంగా ఉన్న మూల దాటొచ్చిన నీళ్ళలో మాత్రం ఇంకా కప్పపిల్లలు ఆడుతున్నాయి. "ఈ తీగ ఆ పాడు విషమంతా తాగేస్తోందర్రా!" అంది. అప్పుడు ఆడవాళ్ళని పోగేసి, వాగు మడుగులో కలిసే చోట మూడు వరసలు తూటి నాటించింది. రెండేళ్ళు తిరిగేసరికి నీళ్ళు తేరుకున్నాయి. గొడ్లు మళ్ళీ తాగాయి.

తూటి మాత్రం ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగింది. కోసి గట్టున కుప్ప వేశారు. అంకమ్మ చూలు మేక ఆ కుప్పలో పడి వారం రోజులు మేసింది. ఆ తర్వాత దాని కాళ్ళు తడబడ్డాయి. నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. కడుపులో పిల్ల బతకలేదు.

ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని అంకమ్మ చాలాసేపు కూర్చుంది. నీళ్ళలో విషం ఎక్కడికీ పోలేదని, కూరలో చేరిందని ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆ కుప్పంతా ఎత్తించి, వాగుకి దూరంగా గొయ్యి తీసి, అడుగున బంకమట్టి మెత్తించి పూడ్పించింది. "ఇక మన మడుగు కూర ఎవరూ నోట పెట్టొద్దు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఆవిడ కూతురు కడుపుతో పుట్టింటికొచ్చింది. ఆ కూతురెవరనుకున్నావు? నేనే. నవ్వకు. మీ అమ్మమ్మ కూడా ఒకప్పుడు వేవిళ్ళతో మంచమెక్కిన పిల్లే.

నాకేం తిన్నా కడుపులో ఇమిడేది కాదు. "అమ్మా, మడుగు తూటి పప్పు వండిపెట్టవే" అన్నాను. అమ్మ వండనంది. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే కాదనే తల్లి మా ఊళ్ళో పుట్టలేదు. మొదటిరోజు అలిగాను. రెండోరోజు ఏడ్చాను. మూడోరోజు ఇరుగమ్మలూ పొరుగమ్మలూ వచ్చి కూర్చున్నారు.

"గుప్పెడు కూరకి పిల్లని ఏడిపిస్తావా అంకమ్మా? కోరిక తీరకపోతే పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుతుంది" అన్నారు.

"కారితే తుడుచుకుంటాం. ముందు బిడ్డంటూ దక్కాలి కదా" అంది అమ్మ.

ఆ తర్వాత చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. కొండ అవతలి ఊరి చెరువు దాకా నడిచి, పొద్దుగూకే వేళకి ఒడినిండా తూటికూరతో వచ్చింది. కాళ్ళు బొబ్బలెక్కాయి. అయినా కూర్చోకుండా వండి, అన్నంలో కలిపి, ముద్ద నా నోట పెట్టింది. తిన్నాను. బాగానే ఉంది. కానీ మన మడుగు రుచి కాదు.

"మన కూర మళ్ళీ ఎప్పుడే అమ్మా?" అని అడిగాను.

అమ్మ నా కడుపు మీద చెయ్యి వేసింది. "ఈ పుట్టబోయేదానికి పుట్టే పిల్ల తింటుందిలే" అంది.

అప్పుడు నా కడుపులో ఉన్నది మీ అమ్మ. దానికి పుట్టిన పిల్లవి నువ్వు.

దిబ్బ ఇంకా అక్కడే ఉంది తల్లీ. ప్రతి వానకీ ఇంత మట్టి వాగులోకి దిగుతూనే ఉంది. ఏటేటా తూటి నాటుతాం, కోస్తాం, పూడుస్తాం. నిన్న నీకు పెట్టిన పప్పులోది సంతలో కొన్న కూరే. మా అమ్మ ఆడిన మాట ఎప్పుడూ తప్పలేదు, ఇదొక్కటే తప్పింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది. సరే, కళ్ళు మూసుకో.

కథ వెళ్ళె కంచికి,
కూన వెళ్ళె నిద్దరకి,
మడుగు కూర ఎప్పటికి?
నీ మనవరాలి కంచానికి!