నాలుగున్నర చుట్లు

ఎవరైనా ప్రశ్న అడిగితే పేరిందేవి గారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. కాకినాడ పాలిటెక్నిక్‌లో యంత్రాల పాఠం చెప్పిన రోజుల నుంచీ ఆవిడకి అదే అలవాటు. రిటైరయ్యాక పాత కార్లు బాగుచేసే షెడ్డు పెట్టి, నేర్చుకోవాలని వచ్చినవాళ్ళకి అక్కడే పాఠం చెబుతున్నప్పుడు కూడా అది మారలేదు.

ఆవిడ శిష్యుల్లో తాతాజీ అందరికన్నా పాతవాడు. ముప్పై దాటిన మనిషి. చెయ్యి మంచిదే కానీ మహా నెమ్మది. ఒక్క బేరింగు కూర్చోబెట్టడానికి పూటంతా తీసుకుంటాడు. అతనితో కలిసి చదువుకుని, అదే షెడ్డులో కలిసి పని నేర్చుకున్న నూకరాజు మాత్రం ఎప్పుడో బయటికెళ్ళి సొంత గ్యారేజి పెట్టాడు. ఇప్పుడు ఊళ్ళో ఏ కారు ఆగినా ముందు వినపడేది అతని పేరే. ఒకరోజు తాతాజీ ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

“మేడం గారూ, మా ఇద్దరికీ నేర్పింది మీరే. వాడికెంత వచ్చో నాకూ అంతే వచ్చు. వాడేమో దూసుకుపోయాడు. నేను ఇక్కడిక్కడే తిరుగుతున్నాను. నాలో ఏం తక్కువండీ?”

పేరిందేవి గారు చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నారు. “రేపు లంబసింగి వెళ్తున్నాం కదా. బండి నువ్వు నడుపు” అన్నారు.

పాత కార్ల వాళ్ళంతా ఏటా చలికాలంలో లంబసింగి కొండ మీద కలుసుకుంటారు. ఆవిడ తీసుకెళ్ళేది షెవెల్ అనే అమెరికా కారు. యాభై ఏళ్ళ నాటిది. పొడుగాటి బానెట్టు, కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు కూడా దాంతోపాటు గుర్రుమంటాయి. అచ్చం అలాంటిదే ఇంకొకటి నూకరాజు దగ్గరుంది. రెండూ ఒకే ఓడలో వచ్చాయి. రెండు ఇంజన్లనీ విప్పి బిగించింది పేరిందేవి గారే. తేడా అంతా వెనక ఇరుసులో ఉంది. ఇంజను నుంచి వచ్చే తిరుగుడుని చక్రాలకి అందించే క్రౌన్, పినియన్ అనే పళ్ళ చక్రాల జత అక్కడుంటుంది. ఆవిడ తన బండికి వేసుకున్న జతలో పినియన్ నాలుగున్నర చుట్లు తిరిగితే గానీ రోడ్డు మీది చక్రం ఒక్క చుట్టు తిరగదు. నూకరాజు వేసుకున్న జతకి మూడు చుట్లు కూడా అక్కర్లేదు. అందుకే ఆవిడ బండికి లాగుడెక్కువ, అతని బండికి పరుగెక్కువ.

మర్నాడు తుని దాటి తిన్నటి రోడ్డెక్కగానే ఆ తేడా తాతాజీకి బాగా తెలిసొచ్చింది. ఇంజను గొంతు చించుకుంటోంది గానీ బండి మాత్రం ఒక వేగం దాటి కదలనంటోంది. పక్కనుంచి నూకరాజు ఒక్క హారన్ కొట్టి, చెయ్యి ఊపి, చూస్తుండగానే చుక్కంతయి మాయమయ్యాడు. తాతాజీ మొహం మాడిపోయింది. పేరిందేవి గారు కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నారు.

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే, ఒక మలుపు దగ్గర నూకరాజు బండి ఆగి ఉంది. పక్కన జనం. సంత నుంచి ఆడవాళ్ళని తీసుకెళ్తున్న జీపు వెనక్కి జారి, వెనక చక్రాలు రోడ్డంచు దాటిపోయి, ఒక సిల్వర్ ఓక్ చెట్టుకి ఆనుకుని నిలబడింది. లోపలున్న ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. ఎవరు కదిలినా జీపు ఊగుతోంది. జారుతున్నప్పుడు చక్రం కింద రాయి పెడదామని దూకిన డ్రైవరు పండన్న కాలు జీపుకీ చెట్టుకీ మధ్య ఇరుక్కుపోయింది. అతను అరవడం కూడా మానేశాడు.

నూకరాజు అప్పటికే జీపు ముందు భాగానికి తాడు కట్టి తన బండితో లాగబోయాడు. అతని తొందరలో తప్పేం లేదు. కానీ ఆ బండికి మెల్లగా కదలడం చేతకాదు. క్లచ్ వదలగానే ముందుకి ఉరికింది. తాడు టంగుమంది. జీపు ఒక్క గెంతు గెంతి మళ్ళీ వెనక్కి కూలబడింది. పండన్న గొంతులోంచి వచ్చిన కేకకి నూకరాజు చేతులు వణికిపోయాయి. కాలిన క్లచ్ వాసన కొడుతుండగా బండి దిగి నిలబడిపోయాడు.

“మేడం గారూ, నేనింక లాగలేనండి. ఇంకోసారి గుంజితే ఆ కాలు ఉండదు” అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేస్తున్నాయి అతనికి.

పేరిందేవి గారు తాతాజీ వైపు తిరిగారు. “తాడు మన బండికి కట్టు. మొదటి గేరు వెయ్యి. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకు.”

చక్రాలు జారకుండా బరువు కోసం నలుగురు మనుషుల్ని డిక్కీలో కూర్చోబెట్టారు. తాతాజీ క్లచ్‌ని వెంట్రుకవాసి వెంట్రుకవాసి చొప్పున వదిలాడు. బేరింగులు కూర్చోబెట్టేటప్పుడు ఎలా ఊపిరి తీసుకుంటాడో అలాగే తీసుకుంటున్నాడు. తాడు బిగుసుకోవడం చెవికి వినపడలేదు, వెన్నెముకకి తెలిసింది. అంత పెద్ద ఇంజను, ఇందాక రోడ్డు మీద గొంతు చించుకున్నది, ఇప్పుడు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు గొణుగుతూ కదిలింది. పక్కనున్న మనిషి నడక కన్నా నెమ్మదిగా. ఒక్క కుదుపు లేదు. జీపు చెట్టుని వదిలింది. ఎవరో పండన్నని చంకల కింద చేతులు వేసి ఇవతలికి లాగేశారు. జీపు రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాక ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడుపందుకున్నారు.

తాతాజీ బండి దిగి, పండన్న దగ్గరికి పరిగెత్తాడు. కాలు నుజ్జయింది. తువ్వాలు బిగించి కట్టినా నెత్తురు ఆగడం లేదు. ఫోను సిగ్నల్ లేదు. “మన బండిలో వేసుకుందామండి. ఈ కాలు నర్సీపట్నంలో బాగయ్యేది కాదు. విశాఖ తీసుకెళ్ళిపోతాను” అన్నాడు.

“మన బండిలో వద్దు” అన్నారావిడ. “నూకరాజూ, నువ్వు తీసుకెళ్ళు.”

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. “నా చేతులు చూడండి మేడం గారూ.”

“చూశాను. ఘాట్ దిగేలోపు సర్దుకుంటాయి. క్లచ్ మిగిలినంత చాలు, తిన్నటి రోడ్డు మీద దాంతో పనుండదు. బయల్దేరు.”

పండన్నని వెనక సీటులో పడుకోబెట్టారు. నూకరాజు స్టీరింగు పట్టుకున్నాడు. మలుపుల్లో ఆ బండి జాగ్రత్తగా దిగడం, కింద మైదానం అందగానే ఎండలో ఒక నల్లటి గీతలా సాగిపోవడం తాతాజీ పైనుంచి చూశాడు. పొద్దున అదే బండిని చూసి కడుపు మండిపోయిన మనిషి, ఇప్పుడు రెండు చేతులూ జోడించి, “పోరా, ఇంకా పోరా” అని గొణుక్కుంటున్నాడు.

వారం తర్వాత ముగ్గురూ విశాఖ ఆసుపత్రిలో పండన్నని చూడటానికి వెళ్ళారు. కాలు దక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట. పండన్న భార్య అందరికీ టీ తెప్పించింది. నూకరాజు టీ తాగకుండా గ్లాసు పట్టుకుని, “ఒరే తాతాజీ, నువ్వు లాగుతుంటే బండి కదులుతున్నట్టే లేదురా. కొండే పక్కకి జరుగుతోందనుకున్నాను. అలా నడపడం నాకెప్పటికి వస్తుందిరా?” అన్నాడు. తాతాజీ స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశాడు.

మెట్లు దిగుతూ తాతాజీ గురువుగారిని అడిగాడు. “మేడం గారూ, ఆ లాగుడూ ఈ పరుగూ రెండూ వచ్చేలాంటి క్రౌన్ ఒకటి ఉండదాండీ?”

ఎందుకో గానీ ఆవిడ ఈసారి అతని చేతిలో ఏ పనీ పెట్టలేదు.

“మధ్యరకం ఒకటుంది. లాగుడూ అంతంతే, పరుగూ అంతంతే” అన్నారు. “ఏ దారిన పోతారో చెప్పనివాళ్ళకి కంపెనీ అదే వేసి పంపిస్తుంది.”