ఘనకార్యానికో లడ్డూ

పూర్వం పాలవెల్లి అనే రాజ్యాన్ని కీర్తిభూషణుడనే రాజు ఏలుతుండేవాడు. పేరుకు తగ్గ మనిషే. తాను తుమ్మినా దగ్గినా ఊరంతటికీ తెలియాలన్నది ఆయన కోరిక. అలాగని చెడ్డవాడేం కాదు. ప్రజల మీద ప్రేమ ఉంది. కాకపోతే తన మీద తనకున్న ప్రేమ అంతకన్నా కాస్త పెద్దది.

ఆయన ఏం చేసినా ఘనకార్యమే. ఘనకార్యం జరిగిన ప్రతిసారీ నగరంలోని బడిపిల్లలకు తలా ఒక నేతి లడ్డూ పంచాలని శాసనం. పంచేవాడి ఎదుటే దాన్ని పొడి కూడా మిగల్చకుండా తినాలి. ముక్క వదిలితే రాజుగారి శుభాన్ని కాదన్నట్టే లెక్క. మొదట్లో పిల్లలకు పండగలా ఉండేది. కానీ ఏటికేడూ రాజుగారి ఘనకార్యాలు పెరిగాయి. ఆయన కీర్తితో పాటు లడ్డూ కూడా పెరిగి, పిల్లల పిడికిట్లో పట్టనంత అయింది.

ఆ నగరంలోని పెద్దబడికి నాంచారమ్మ వంటమనిషి. పద్నాలుగేళ్లుగా మధ్యాహ్నం పూట పిల్లలకు కొర్రన్నం, పెసరపప్పు, తోటకూర పులుసు, మజ్జిగ వడ్డిస్తోంది. ఒకప్పుడు గిన్నెలు గీకి మరీ తినేవాళ్లు. రెండేళ్లుగా ఆ గిన్నెలు నిండుగానే వెనక్కి వస్తున్నాయి. "ఆకలి లేదమ్మా" అనేవాళ్లు పిల్లలు, అప్పుడే తిన్న లడ్డూ జిడ్డు మూతికి ఉండగానే. ఆమె ఆ అన్నాన్ని ఆవులకు పెట్టి, పొయ్యి పక్కన కూర్చుని కళ్లు ఒత్తుకునేది.

గోలీలు ఆడదామంటే పిల్లలకు వంగడం కష్టమైంది. బడి చుట్టూ ఒక్కసారి తిరిగితే రొప్పుతున్నారు. ఈ సంగతి రాజుగారి చెవిన వేద్దామని రాజవైద్యుడు ఒకసారి గొంతు సవరించుకున్నాడు. మంత్రి విరూపాక్షయ్య ఆ సాయంత్రమే ఆయన్ని ఏనుగుల సాలకు పంపించేశాడు. ఆ తర్వాత నగరంలో ఎవరూ నోరు మెదపలేదు. నాంచారమ్మా మెదపలేదు. ఆ మౌనం మాత్రం ఆమెకు ఒంటబట్టలేదు.

ఇలా ఉండగా రాజుగారి పట్టాభిషేకానికి ఇరవై ఏళ్లు నిండాయి. నిండు కొలువులో పెద్దబడి పిల్లవాడొకడు మెట్లెక్కి రాజుగారికి పూలదండ అందించాలి. ఎనిమిదేళ్ల ఓబులేశుకు ఆ అవకాశం వచ్చింది. పిల్లలకు తోడుగా వచ్చిన నాంచారమ్మ సభ చివర స్తంభం పక్కన నిలబడింది.

సింహాసనానికి తొమ్మిదే మెట్లు. ఓబులేశు మూడో మెట్టు మీద ఆగాడు. నాలుగో దాని మీద మోకాళ్లు పట్టుకున్నాడు. ఐదో మెట్టు మీద చతికిలబడ్డాడు. పెదవులు నల్లబడ్డాయి, గుండెలు ఎగిసిపడుతున్నాయి, దండ చేతిలోంచి జారిపోయింది. మేళం ఆగింది.

ఎవరి కోసమూ సింహాసనం దిగని రాజు నాలుగు మెట్లు దిగి వచ్చాడు.

"ఏమైందిరా నీకు? జ్వరమా?"

"లేదు ప్రభూ," అన్నాడు ఓబులేశు ఊపిరి కూడగట్టుకుని. "మెట్లెక్కాను."

రాజు తలెత్తి, వరసగా నిలబడ్డ పిల్లల్ని చూశాడు. నిజంగా చూడటం అదే మొదటిసారి. నిలబడటానికే ఆయాసపడి ఒకరి మీద ఒకరు ఒరిగి ఉన్నారు. ఆయన ముఖం పాలిపోయింది.

"నా రాజ్యంలో పిల్లలు ఇలా ఉన్నారా? వీళ్లకు తిండి పెట్టేదెవరు?"

మంత్రి విరూపాక్షయ్యకు నిజం తెలుసు. అది చెబితే ఏనుగుల సాలలో రాజవైద్యుడికి తోడు పోవాల్సి వస్తుందనీ తెలుసు.

"వంటమనిషి నాంచారమ్మ, ప్రభూ," అన్నాడు క్షణం ఆలస్యం చేయకుండా.

నాంచారమ్మ నిర్ఘాంతపోయింది. తన చేతి అన్నం పిల్లలు ముట్టుకుని రెండేళ్లయింది. ఆ అన్నమే వాళ్లను ఇలా చేసిందట.

మర్నాడు పొద్దున విచారణ. పేరుకే విచారణ, తీర్పు మంత్రి చేతిలో అప్పటికే రాసి ఉంది. ఇక నుంచి బడిలో పప్పు లేదు, కూర లేదు, పలచని గంజి మాత్రమే. పిల్లల్ని పాడుచేసిన వంటమనిషి పొద్దు గుంకేలోగా పొలిమేర దాటాలి. సాక్ష్యానికి ఓబులేశును తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు.

నాంచారమ్మకు ఆ ఊరు తప్ప వేరే ఊరు తెలియదు. పొలిమేర అవతల తనకోసం పొయ్యి వెలిగించేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆమెకు గుండెలో గుచ్చుకున్నది గంజి మాట. రేపటి నుంచి ఈ పిల్లలకు కడుపులోకి పోయేది గంజీ, లడ్డూ. ఆమె ఓబులేశు వైపు చూసింది. వాడు కూర్చుని కూడా రొప్పుతున్నాడు. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే వాడు బతకడేమోననిపించింది.

"చెప్పుకోవలసిందేమైనా ఉందా?" అన్నాడు రాజు.

"నాకు వాదన చేతకాదు ప్రభూ. పొమ్మంటే పోతాను. ఒక్క కోరిక ఉంది. ఈ నెలలో తమరు చేసిన ఘనకార్యాలన్నీ ఒక్కసారి చెవులారా విని పోతాను. పరాయి రాజ్యంలో ఇలాంటివి వినపడవు కదా."

రాజుగారి కోపం సగం అక్కడే దిగిపోయింది. నేరస్థురాలైనా మనిషికి రుచి తెలుసు అనుకున్నాడు.

"ఇంకో మాట ప్రభూ. శుభవార్తకు లడ్డూ పెట్టడం మన ఆచారం. ఒక్కో ఘనకార్యానికి ఒక్కో లడ్డూ ఒక పళ్లెంలో పెట్టించండి. కళ్లారా కూడా చూసుకుంటాను."

"బాగుంది. అలాగే కానివ్వండి."

మిఠాయిశాల నుంచి గంపలు వచ్చాయి. రాజుగారి ఘనకార్యాలు రోజూ రాసిపెట్టే కేశవభట్టు తాటాకుల కట్ట విప్పాడు.

"మొదటి రోజు, ప్రభువులు వేటకు వెళ్లి, ఎదురొచ్చిన నెమలిని దయతలచి వదిలిపెట్టారు." బాణం గురి తప్పిందని సభలో అందరికీ తెలుసు. పళ్లెంలో ఒక లడ్డూ పడింది.

"రెండో రోజు, చదరంగంలో పట్టమహిషిని ఓడించారు." రెండో లడ్డూ.

"మూడో రోజు, మీసానికి కొత్త మెలిక తిప్పించుకున్నారు. అదే సాయంత్రం, ఎవరి సాయమూ లేకుండా గుర్రమెక్కారు." ఇంకో రెండు.

రాజు ఆనందంతో కళ్లు మూసుకున్నాడు. భట్టు చదువుతూ పోయాడు. ఎనిమిదో రోజు దగ్గర రాజు కళ్లు తెరిచాడు.

"ఏమయ్యా, నా జలుబు ఏదీ?"

"చిత్తం. తొమ్మిదో రోజు జలుబు తగ్గింది ప్రభూ, వస్తోంది."

"తగ్గడం ఒక్కటే రాశావా? ఎనిమిదో రోజంతా ధైర్యంగా భరించాను. అది వేరే ఘనకార్యం. ఆ రోజు కూడా పంచారు, నాకు గుర్తుంది. వెయ్యండి."

వేశారు. పద్యం దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. పన్నెండో రోజు ప్రభువులు ఒక పద్యం చెప్పారని భట్టు చదివాడు.

"ఒకటేమిటి? పాదానికో రోజు చొప్పున నాలుగు రోజులు కష్టపడ్డాను."

"నాలుగు రోజులూ పంచారా ప్రభూ?" అని అడిగింది నాంచారమ్మ వినయంగా.

"పంచకుండా ఎలా ఉంటారు? నాలుగు పెట్టండి."

పళ్లెం నిండింది. రెండో పళ్లెం తెచ్చారు. మంత్రి విరూపాక్షయ్యకు మెల్లగా సంగతి అర్థమైంది.

"ప్రభూ, పొద్దెక్కుతోంది. మిగతావి మరోసారి విందాం."

"కూర్చోవయ్యా. నా కీర్తి వినడానికి నీకు తీరిక లేదా?"

మంత్రి కూర్చున్నాడు. ఆ తర్వాత భట్టు మరిచినవాటిని రాజే అందించడం మొదలుపెట్టాడు. తొలి మామిడిపండు తినడం, కొత్త చెప్పులు కరవకపోవడం, కలలో శత్రువును గెలవడం. అన్నీ పంచినవే. రెండో పళ్లెం కూడా నిండి లడ్డూలు నేలమీదికి దొర్లాయి. సభికుల ముఖాల్లో మొదట ఉన్న నవ్వు పోయింది. వాళ్లు ఇప్పుడు భట్టును చూడటం లేదు. ఆ కుప్పనూ ఓబులేశునూ మార్చి మార్చి చూస్తున్నారు.

నెల ముగిసింది. నలభై ఏడు లడ్డూలు.

"ధన్యురాలిని ప్రభూ," అంది నాంచారమ్మ. "ఒక్క సందేహం. ఈ లడ్డూలు ఎంతమందికి సరిపోతాయంటారు?"

రాజు కుప్పను తేరిపార చూశాడు. "మగపెళ్లివారి బంతి ఒకటి లేస్తుంది."

"ఈ నెలలో ఇవన్నీ ఒక్కడే తిన్నాడు ప్రభూ. అడుగో, ఆ ముందు వరసలో కూర్చున్న ఎనిమిదేళ్లవాడు. వాడొక్కడే కాదు, నగరంలో ప్రతి బడిపిల్లా ఇన్నే తింది. మా బడిలో గిన్నెల్లో అన్నం ఆవులు తిన్నాయి."

రాజు లేచి నిలబడ్డాడు. ఒక పళ్లెం చూశాడు, రెండో పళ్లెం చూశాడు, నేలమీద ఉన్నవి చూశాడు.

"ఇన్నా? పసివాడి చేత ఇన్ని తినిపించారా? ఎవడా పాపాత్ముడు? పేరు చెప్పండి."

మంత్రి తన కాలి వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. భట్టు తాటాకుల కట్టను గబగబా చుట్టేశాడు.

"ఇందాకటి నుంచీ భట్టుగారు ఆ పేరే చదువుతున్నారు ప్రభూ," అంది నాంచారమ్మ.

రాజు ముఖం ఎర్రబడి, ఆ తర్వాత తెల్లబడింది. అయినా నాంచారమ్మకు చెప్పవలసింది ఇంకొంచెం ఉంది.

"నా తప్పూ ఉంది. రెండేళ్లుగా కళ్లారా చూస్తూ, భయపడి మాట్లాడలేదు. శిక్ష వెయ్యాలంటే దానికి వెయ్యండి. పులుసుకు, మజ్జిగకు మాత్రం వద్దు."

రాజు మెట్లన్నీ దిగి వచ్చి ఓబులేశు ముందు గొంతుక్కూర్చున్నాడు. రాజుగారు గొంతుక్కూర్చోగలరని ఆ రోజు వరకూ ఎవరికీ తెలియదు.

"నీకు లడ్డూ అంటే ఇష్టమేనా?"

ఓబులేశు నాంచారమ్మ వైపు చూశాడు. ఆమె నిజమే చెప్పమన్నట్టు తలూపింది.

"మొదట్లో ఇష్టమే ప్రభూ. ఇప్పుడు తమరికి ఏ శుభమూ జరగకూడదని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను."

మంత్రి అబ్బా అని తల పట్టుకున్నాడు. సేనాపతి చెయ్యి అలవాటుగా కత్తి మీదికి పోయి, ఎదుటివాడు ఎనిమిదేళ్లవాడని గుర్తొచ్చి ఆగిపోయింది. రాజు ఆ పిల్లవాడి ముఖంలోకి చూశాడు. శత్రువులు కూడా ఆయన గురించి అంతమాట అనలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తీర్పు రద్దు," అన్నాడు లేస్తూ. "గంజి శాసనం రద్దు. లడ్డూ శాసనమూ రద్దు. నాంచారమ్మా, ఇరవై ఏళ్లలో నాకు నిజం చెప్పింది నువ్వొక్కదానివే. ఇది చిన్న విషయం కాదు. ఈ శుభసందర్భంలో నగరంలోని బడిపిల్లలందరికీ తలా ఒక..."

అక్కడ ఆగాడు. తన నోటి నుంచి ఏం రాబోతోందో ఆయన చెవులకే ముందుగా అర్థమైంది. మిఠాయిశాలవాడు అప్పటికే గంపలో చెయ్యి పెట్టి సిద్ధంగా ఉన్నాడు.

నాంచారమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని, పళ్లెం దగ్గరికి జరిగింది.

"నలభై ఎనిమిదోది కూడా ఇందులోనే పెట్టమంటారా ప్రభూ?"

ముందు రాజుగారి మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఆయన పొట్ట పట్టుకుని మెట్టు మీద కూలబడి నవ్వాడు. రాజు నవ్వాక నవ్వడం సభకు అలవాటే గానీ, ఆ రోజు సభ అంతా భయం దిగిపోయి నిజంగా నవ్వింది. ఓబులేశు కూడా నవ్వి, మధ్యలో ఆయాసం వచ్చి ఆపాడు. అది చూసి రాజూ ఆపాడు.

ఆయన తన చేతి కంకణం తీసి నాంచారమ్మకు ఇచ్చాడు. నగరంలోని బడులన్నిటిలో పిల్లలకు ఏం పెట్టాలో ఆమె మాటే చెల్లుతుందని, ఆమె సెలవు లేకుండా రాజుగారి పేరు మీదైనా సరే మిఠాయి బడి గడప దాటరాదని కొత్త శాసనం చేయించాడు. రాజవైద్యుణ్ణి వెనక్కి పిలిపించి, ఏనుగుల సాలలో ఖాళీ అయిన ఉద్యోగాన్ని మంత్రి విరూపాక్షయ్యకు ఇచ్చాడు.

రాజుగారి ఘనకార్యాలు ఆ తర్వాతా ఆగలేదు. భట్టు రాస్తూనే ఉన్నాడు. పిల్లలకు మాత్రం ఆ కబురు వట్టి చేతులతో వచ్చేది. వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం ఓబులేశు ఆకు ముందు కూర్చుని, ఇంకాస్త పులుసు పొయ్యమని అడిగాడు. నాంచారమ్మ గరిటె పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. రెండేళ్ల తర్వాత ఆమె వంటను ఒక పిల్లవాడు మారు వడ్డించమని అడిగాడు.